ధర పెరిగితే ఆశీర్వాదం, పడితే 'ధనం అస్థిరం': ఒకే ప్లాటు మీద ఇన్ని వాక్యాలా?

నల్లపాడు_రోడ్
చాలా రోజులుగా లోపల నలుగుతున్న విషయం, ఇక్కడైనా అడుగుదామని రాస్తున్నాను. మా నాన్న ఆర్టీసీలో రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో సగానికి పైగా పెట్టి 2016లో తుళ్లూరు దగ్గర ప్లాటు కొన్నారు. అప్పటికి రాజధాని అమరావతికి శంకుస్థాపన జరిగి (2015 అక్టోబరు 22) ఏడాది కూడా కాలేదు, గుంటూరులో ఎవరిని కదిపినా గజం రేటు తప్ప వేరే మాట లేదు. రిజిస్ట్రేషన్ అయిన వారం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాం. పాస్టర్ గారు "యెహోవా ఆశీర్వాదము ఐశ్వర్యమిచ్చును" అని సామెతలు 10:22 తీసి వాక్యం చెప్పారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక కొన్న ధరకి కూడా అడిగేవాడు లేడు. అప్పుడు అదే పాస్టర్ గారు నాన్న పక్కన కూర్చుని "భూమిమీద మీకొరకు ధనమును కూర్చుకొనవద్దు" అని చదివారు. నాన్న ఆ దిగులుతోనే ఉండి ఉండి 2021లో గుండెపోటుతో పోయారు. 2025 మేలో రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక రేటు లేచింది. మొన్న ఆయనే ఇంటికొచ్చి "చూశారా, అంతా పోగొట్టుకున్న యోబుకి ఇచ్చినట్టు దేవుడు రెండింతలు ఇస్తున్నాడు" అన్నారు.

నాకు కోపం ఆయన మీద కాదు. మనిషి మంచివాడు, నాన్న పోయిన రాత్రి తెల్లవార్లూ మాతోనే ఉన్నారు. నా ప్రశ్న ఒక్కటే. ధనం నిలవదు అన్నది నిజంగా దేవుడు మనకి చెప్పిన మాటా, లేక రేటు పడిపోయినప్పుడు మాత్రం బయటికి తీసే ఓదార్పా? ఇంట్లో ఇప్పుడు అన్నయ్య ఉంచుదాం ఇంకా పెరుగుతుంది అంటాడు, నేను అమ్మేద్దాం అంటాను, ఇద్దరికీ చెరో వాక్యం దొరుకుతోంది.

అరండల్‌పేట_అన్న
మా సంఘంలోనూ ఇంతే బ్రదర్. ఆ రెండు మూడేళ్లు సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లంతా ప్లాట్ల గురించే చెప్పారు. 2020లో ఒక్కరూ లేవలేదు.

ఆశీర్వాదం_ఉంది
పాస్టర్ గార్లని తప్పుపట్టడం ఈ రోజుల్లో తేలికైపోయింది. రెండు వాక్యాలూ బైబిల్లోనే ఉన్నాయి కదా. అబ్రాహాము వెండి బంగారం పశువులు ఉన్న బహు ధనవంతుడు అని ఆదికాండం 13లోనే ఉంది, దేవుడు దాన్ని పాపం అనలేదు. నాకు విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ షాపు ఉంది. ఖాళీ చేతులతో మొదలుపెట్టాను, ప్రార్థనతో మొదలుపెట్టాను, ఇవాళ నా షాపు మీద నా ఇల్లొక్కటే కాదు ఇంకా చాలా ఇళ్లు నడుస్తున్నాయి. ఇది ఆశీర్వాదం కాకపోతే ఏమిటి? మన జనం తరతరాలుగా లేమిలో ఉన్నారు, ఇప్పుడిప్పుడే నాలుగు రూపాయలు చూస్తుంటే "అది నిలవదు, అది వ్యర్థం" అని చెప్పడం నాకు నచ్చదు.

గుణదల_మేరీ
@ఆశీర్వాదం_ఉంది మీరు చివర్లో అన్నదానితో ఒప్పుకుంటాను అన్నయ్యా, ముందు చెప్పినదానితో కాదు. మేము ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్కులం). నల్లపాడు గారు ఒకసారి లూకా 12 మొదటినుంచి చదవండి. వెర్రి ధనవంతుడి ఉపమానం యేసు ఊరికే చెప్పలేదు, జనంలోంచి ఒకడు "బోధకుడా, పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని మా అన్నకి చెప్పు" అని అడిగితే చెప్పాడు. అంటే అన్నదమ్ముల ఆస్తి తగాదా. మీ ఇంటి సంగతే. ఆయన పంపకం చేయనన్నాడు, నన్ను మీ మీద తీర్పరిగా ఎవరు నియమించారు అన్నాడు, తర్వాత ఈ కథ మొదలుపెట్టాడు.

ఆ కథలో నన్ను ఎప్పుడూ పట్టి లాగేది ఒకటుంది. బాగా పండింది, కొట్లు చాలలేదు, పాతవి విప్పి పెద్దవి కట్టిస్తాను అనుకుంటాడు. అంత పంట కోసినవాళ్లు ఎవరు, మోసినవాళ్లు ఎవరు, వాడికి భార్యాబిడ్డలు ఉన్నారా, పక్క ఊళ్లో ఆకలి ఉందా, ఏదీ లేదు. వాడు తన ప్రాణంతో తనే మాట్లాడుకుంటాడు. దేవుడు వచ్చి పలకరించేదాకా ఆ కథలో రెండో మనిషే లేడు. 4వ శతాబ్దంలో కైసరయలో బిషప్‌గా ఉన్న పునీత బాసిల్ ఈ వాక్యం మీదే ప్రసంగం చేశారు. నువ్వు దాచిపెట్టిన రొట్టె ఆకలితో ఉన్నవాడిది, నీ పెట్టెలో మగ్గుతున్న బట్ట ఒంటి మీద బట్ట లేనివాడిది అన్నారు. అక్కడ కరువు వచ్చినప్పుడు ఆయన ఊరికే ప్రసంగించి ఇంటికి పోలేదు, డబ్బున్నవాళ్ల గిడ్డంగులు తెరిపించి జనానికి అన్నం పెట్టించారు.

అరండల్‌పేట_అన్న
@గుణదల_మేరీ ఇంత చదివి రాసినందుకు ఈసారి గుణదల తిరునాళ్లకి వచ్చినప్పుడు టీ నేను ఇప్పిస్తా సిస్టర్.

గుణదల_మేరీ
ఫిబ్రవరి 11న అక్కడ టీ స్టాల్ దాకా నడవగలిగితే అదే అద్భుతం 🙂

తేజ_మిర్చి
నేను వాక్యం ఎక్కువ తెలిసినవాణ్ణి కాదు, యార్డులో తెలిసింది చెబుతాను. సంపద ఎంతసేపు నిలుస్తుందో చూడాలంటే గుంటూరు మిర్చి యార్డుకి రండి. 2021-22 సీజన్లో నల్లతామర పురుగు వచ్చింది. పూత మీద కూర్చుని పీల్చేస్తే కాయే రాలేదు, మందు కొట్టిన కొద్దీ అప్పు పెరిగింది తప్ప పురుగు తగ్గలేదు, చాలామంది చేలు దున్నేశారు. ఆ తర్వాత 2023లో తేజ రకం క్వింటా ఇరవై వేలు దాటి పోయింది. ఆ సంవత్సరం మా వైపు కొత్త ట్రాక్టర్లు, కొత్త ఇళ్లు, పెళ్లిళ్లు అన్నీ పెద్దవే. అది చూసి కౌలు రేట్లు పెంచారు, అందరూ మిర్చే వేశారు. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిపోయిందంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. అది కూడా చేతికి అందినవాడికి అందింది. మంచి ధర వస్తుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాళ్లు టిక్కీలు (మిర్చి బస్తాలు) అలాగే ఉంచి అద్దె కట్టుకుంటూ కూర్చున్నారు.

మా నాన్న చదువుకోలేదు కానీ సామెతలు 23లో "అది రెక్కలు ధరించి యెగిరిపోవును" అన్న వాక్యం ఆయనకి నోటికి వచ్చు. ధర బాగున్న సంవత్సరం కూడా అదే చెప్పేవాడు. అందుకే నాకు నల్లపాడు అన్న బాధ అర్థమైంది. ఈ మాట ధర లేచిన రోజు చెప్పినవాడికి, ధర పడిన రోజు కూడా చెప్పే హక్కు ఉంటుంది.

బెంజ్‌సర్కిల్_ఐటీ
@తేజ_మిర్చి ఆఖరి వాక్యం సేవ్ చేసుకున్నా అన్నా.

నాకొక డౌట్. ఇదంతా నిజమైతే నేను సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్) కట్టొచ్చా? ఇన్సూరెన్స్ తీసుకోవచ్చా? పిల్ల చదువుకి దాచడం కూడా "కూర్చుకోవడమే" కదా. మా హోమ్ గ్రూపులో ఒకరు ఆరోగ్య బీమా కట్టడం అవిశ్వాసం అన్నారు, అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది.

సింగ్‌నగర్_పైఅంతస్తు
ఈ థ్రెడ్ రెండుసార్లు చదివాను. రాయాలా వద్దా అనుకుని రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. మందిరానికి వెళ్లాలని చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయని వీధిలో అరుపులు. మేం అప్పుడు కింద పోర్షన్‌లో అద్దెకి ఉన్నాం. చూస్తుండగానే గడప దాటి మంచం ఎత్తుకి వచ్చేశాయి నీళ్లు. పిల్లల సర్టిఫికెట్ల ఫైలు, మందులు, స్టవ్వు, ఇవే పైకి తీసుకెళ్లగలిగాం. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కుట్టు మిషన్ (దాని మీదే నా సంపాదన), బీరువాలో పెళ్లి చీరలు అన్నీ మురుగునీళ్లలో నానాయి. పైఅంతస్తు వాళ్లు ముస్లింలు. వాళ్ల రెండు గదుల్లో నాలుగు కుటుంబాలం సర్దుకున్నాం. మంచినీళ్లు అందరికీ గ్లాసుతో కొలిచి ఇచ్చింది ఆ ఇంటి ముసలమ్మ. ముందు పిల్లలకి, తర్వాత షుగర్ ఉన్నవాళ్లకి, ఆఖర్న తను తాగేది.

నీళ్లు తీశాక ఇల్లు కడుక్కుంటుంటే మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక సిస్టర్ పెట్టారు, "ధనం ఎంత క్షణికమో దేవుడు సింగ్‌నగర్ ద్వారా మనకు పాఠం నేర్పాడు" అని. ఆవిడ ఉండేది మొగల్రాజపురంలో, చుక్క నీరు రాలేదు. నా కుట్టు మిషన్ పోతే పాఠం ఆవిడ నేర్చుకోవడమేమిటి? నేను అసలు ఏం కూర్చుకున్నాను? మునిగిన కింద ఇళ్లకి 25,000, పై అంతస్తులకి 10,000 ప్రభుత్వం ఇస్తానంది, ఆ డబ్బుతో మళ్లీ మిషన్ కొనుక్కున్నాను. చిమ్మెట తినే ధనం గురించి యేసు చెప్పింది నా బీరువాలో చీరల గురించి అని నేను నమ్మను.

తెనాలి_టీచరమ్మ
@సింగ్‌నగర్_పైఅంతస్తు అమ్మా, నువ్వు రాసింది మంచి పని. ఆ మాట నీకు చెప్పకూడని మాట. ఆవిడ తన ఇంట్లో అద్దం ముందు నిలబడి చెప్పుకుంటే సరిపోయేది.

మోడరేటర్
రాజధాని ఎవరి వల్ల ఆగింది, ఎవరి వల్ల మళ్లీ మొదలైంది అంటూ వచ్చిన పోస్టులు తీసేశాను. వాటికి వేరే థ్రెడ్లు ఉన్నాయి. ఇక్కడ నల్లపాడు_రోడ్ గారి ప్రశ్న మీదే మాట్లాడండి.

తుళ్లూరు_కూలీబిడ్డ
మోడరేటర్ గారూ, పార్టీ మాట లేకుండా రాస్తాను, ఉంచండి.

మీరంతా ప్లాటు రేటు గురించి మాట్లాడుతున్నారు. ఆ ప్లాటు కింద ఒకప్పుడు చేను ఉండేది, ఆ చేలో మా అమ్మ కూలికి వెళ్లేది. రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్‌లో భూమి ఇచ్చిన రైతుకి ఎకరానికి ఏటా కౌలు వచ్చింది, జరీబుకి (ఏడాదంతా నీళ్లుండే భూమికి) 50 వేలు, మెట్టకి 30 వేలు, ఏడాదికి పది శాతం పెంపు, పైన ప్లాట్లు. అది వాళ్ల హక్కు, ఆ డబ్బు ఆలస్యమైనప్పుడు వాళ్లూ ఏడ్చారు, నేను కాదనను. భూమి లేని మాకు మొదట్లో ఇచ్చింది నెలకి 2,500 పెన్షన్. అరటి, పూలు, కూరగాయలు, పసుపు, ఏడాది పొడవునా పని దొరికే ఊళ్లు అవి. ఆ పని ఒక్కసారిగా ఆగిపోయింది. అమ్మావాళ్లు తెల్లవారుజామున ఆటోల్లో కిక్కిరిసి దూరం ఊళ్లకి మిర్చి కోతలకి వెళ్లడం మొదలుపెట్టారు. మా పెదనాన్నకి ఉన్న కాస్తా అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూమి. పట్టా భూమికి ఇచ్చినన్ని గజాలు మొదట్లో దానికి ఇవ్వలేదు.

మా వాడలో మందిరం చిన్నది, రేకుల షెడ్డు. ధనం అశాశ్వతం అని అక్కడ ప్రసంగం చేస్తే ఆమెన్ అనడానికి కూడా ఎవరికీ ఏమీ అనిపించదు, మాకు రేపటి కూలే శాశ్వతం కాదు. కానీ యాకోబు 5 చదివితే మాత్రం అందరూ తలెత్తుతారు. "మీ చేలు కోసిన పనివారికియ్యక మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది." చూడండి, అక్కడ కూడా ముందు "మీ ధనము చెడిపోయెను, మీ వస్త్రములు చిమ్మటలు కొట్టినవి" అనే ఉంది. అంటే ధనం చెడిపోతుంది అన్న మాట వెంటనే కూలి దగ్గరికి తీసుకెళ్లాడు అపొస్తలుడు. మన ప్రసంగాలు చిమ్మట దగ్గరే ఆగిపోతాయి, రెండు వచనాలు కిందకి దిగవు.

తేజ_మిర్చి
తమ్ముడూ నిజం చెప్పావు. కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో సహా వచ్చి కాయ కోసేవాళ్లకి ధర పడిన సంవత్సరం లెక్క చివర్లో చూద్దాం అని ఆపినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. అందులో ఆదివారం ముందు వరుసలో కూర్చునేవాళ్లూ ఉన్నారు.

ఆశీర్వాదం_ఉంది
@తుళ్లూరు_కూలీబిడ్డ తమ్ముడూ, నీ పోస్టు చదివి మనసు బరువెక్కింది. కూలి ఆపడం పాపమే, దాన్ని సమర్థించేవాడు విశ్వాసి కాదు. నా షాపులో జీతం ఒకటో తారీఖు దాటదు. లాక్‌డౌన్లో కూడా దాటలేదు. కానీ నువ్వే ఆలోచించు, నా దగ్గర నాలుగు డబ్బులు నిలవబట్టే కదా లాక్‌డౌన్లో ఇవ్వగలిగాను. అందుకే ధనాన్ని అంత తీసిపారేయొద్దు అంటాను. యోబుకి దేవుడు తిరిగి రెండింతలు ఇచ్చాడు, ఏడువేల గొర్రెలు పద్నాలుగు వేలయ్యాయి. దాన్ని మనం దాచిపెట్టి ప్రసంగించలేం.

గుణదల_మేరీ
యోబు 42 తీశారు కాబట్టి అడుగుతాను. గొర్రెలూ ఒంటెలూ రెండింతలయ్యాయి, పిల్లలు? ముందు పదిమంది, తర్వాత పదిమంది. పోయిన పదిమంది తిరిగి రాలేదు. నల్లపాడు గారి ఇంట్లో ప్లాటు రేటు తిరిగి వచ్చింది, నాన్నగారు రాలేదు. వాళ్లమ్మ ముందు "రెండింతలు" అనే మాట వాడొచ్చా అన్నయ్యా?

ఇంకో సంగతి. అదే అధ్యాయం 11వ వచనంలో యోబు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పాత స్నేహితులు అందరూ ఇంటికొచ్చి కలిసి భోజనం చేసి తలా ఒక నాణెం, తలా ఒక బంగారు ఉంగరం చేతిలో పెట్టారు. గొర్రెల లెక్క దాని తర్వాతి వచనంలో వస్తుంది. ఆ ఉంగరాల సంగతి ఎవరూ చెప్పరు.

ఆశీర్వాదం_ఉంది
అమ్మగారి ముందు ఆ మాట వద్దు. అది ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

అరండల్‌పేట_అన్న
@ఆశీర్వాదం_ఉంది లాక్‌డౌన్లో జీతాలిచ్చిన మనిషి మీద నాకు గౌరవం ఉంది. మీకు మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ నచ్చుతాడు. బాగా సంపాదించండి, బాగా ఆదా చేయండి, బాగా ఇవ్వండి అన్నది ఆయనే. ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్ మెథడిస్టు ఒకరి గురించి చెప్పాడు, అది ఆయన సొంత సంగతే అంటారు. ఏడాదికి 30 పౌండ్లు వస్తే 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటేడు 60 వస్తే 28తోనే బతికాడు, తర్వాత 90, తర్వాత 120, అప్పుడూ ఇంటి ఖర్చు 28 మాత్రమే. మనకి రాబడి పెరిగితే ముందు ఇల్లు పెరుగుతుంది, తర్వాత కారు, దశమభాగం (మందిరానికిచ్చే పదోవంతు) ఒక్కటే పాత లెక్క మీద ఉంటుంది.

తెనాలి_టీచరమ్మ
@బెంజ్‌సర్కిల్_ఐటీ నీ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు నాయనా. బీమా కట్టు. ఐగుప్తులో యోసేపు ఏడేళ్లు ధాన్యం పోగుచేశాడు, దాన్ని దేవుడే చెప్పి చేయించాడు. లూకా 12లో వాడూ పోగుచేశాడు. ఇద్దరూ కట్టించింది కొట్లే. యోసేపు కొట్లు కరువు రోజున ఊరందరికీ తెరుచుకున్నాయి (అక్కడ కూడా చివరికి జనం భూములు ఫరో పాలయ్యాయి అనుకో, అది చదివినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉంటుంది). అరణ్యంలో దేవుడు ఆహారంగా కురిపించిన మన్నా సంగతి వేరు. రేపటికి దాచుకుంటే పురుగు పట్టింది, కానీ విశ్రాంతిదినం ముందురోజు రెండింతలు ఏరుకుంటే పట్టలేదు. దాచడం అనే పనినే దేవుడు అసహ్యించుకోలేదు. నీ పిల్ల చదువుకి దాచు, నీ ఆరోగ్యానికి దాచు, దాచినదాని తలుపు తాళం ఎవరి ఆకలికి తీస్తావో అది కూడా ఇప్పుడే అనుకుని పెట్టుకో.

మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా అమ్మ పుట్టిల్లు గోడ కూడా మిగల్లేదు. వేలమంది పోయారు. మా మేనమామ బతికాడు, ఒంటి మీద గుడ్డతో తెనాలి వచ్చాడు. మా లూథరన్ సంఘంలో ఆడవాళ్లు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోసేవాళ్లు, ఆదివారం ఆ డబ్బాలు మందిరానికి వచ్చేవి. ఆ సంవత్సరం ఆ బియ్యమంతా మా మామలాంటి వాళ్లకే వెళ్లింది. ఇచ్చినవాళ్లలో సగం మంది నాటు కూలీలు. రేపు ఉంటుందో ఉండదో తెలియని ఇంట్లోంచి పిడికెడు రావడం నా కళ్లతో చూశాను కాబట్టి, డబ్బు ఎక్కువైతే ఇస్తాను అనేవాళ్ల మాట నాకు ఎక్కదు.

ఇంతకీ నల్లపాడు బాబూ, మీ ఇద్దరన్నదమ్ముల మాటలే రాశావు. అమ్మగారిని ఎవరైనా అడిగారా?

నల్లపాడు_రోడ్
అమ్మ ఏమీ అనదు మేడమ్. మీ ఇష్టం నాయనా అంటుంది. ఆ ప్లాటు కొన్నప్పుడు తక్కువ పడితే తన రెండుపేటల గొలుసు అమ్మి ఇచ్చింది, అది మాత్రం నాకు గుర్తుంది.

@తుళ్లూరు_కూలీబిడ్డ మీ పోస్టు అన్నయ్యకి పంపాను. చదివాడు, ఇంకా జవాబు రాలేదు.

బ్రాడీపేట_వకీలు
వాక్యం మీద పెద్దలు చెబుతున్నారు, నేను చట్టం సంగతి చెప్పి పోతాను. నల్లపాడు గారూ, నాన్నగారు వీలునామా రాశారా? మీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా?

నల్లపాడు_రోడ్
వీలునామా లేదు. చెల్లి ఉంది, మంగళగిరిలో ఇచ్చాం. పెళ్లికి ఇవ్వాల్సింది ఇచ్చేశాం కదా అని అన్నయ్య అంటాడు.

సింగ్‌నగర్_పైఅంతస్తు
ఇంత పెద్ద థ్రెడ్‌లో చెల్లెలు ఇప్పుడొచ్చింది.

బ్రాడీపేట_వకీలు
మీ కుటుంబం కాగితాల మీద కూడా క్రైస్తవులే అనుకుని చెబుతున్నాను, సర్టిఫికెట్లలో వేరేగా ఉంటే లెక్క మారుతుంది, అది చూసుకోవాలి. క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకి మూడో వంతు. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం, కొడుకు కూతురు తేడా లేదు. మీ ఇంట్లో ప్లాటు తొమ్మిది భాగాలు అనుకుంటే అమ్మగారికి మూడు, మీ ముగ్గురికీ తలా రెండు. అంటే ఉంచాలా అమ్మాలా అని మీరిద్దరూ వాదించుకుంటున్న దానిలో సగానికి పైగా, తొమ్మిదింట ఐదు భాగాలు, మాట్లాడని ఇద్దరు ఆడవాళ్లది. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదు అనే మాట ఈ చట్టంలో ఎక్కడా లేదు, పైగా కట్నం ఇవ్వడమే నేరం, దాన్ని లెక్కలో చూపించడానికి ప్రయత్నించకండి.

గుణదల_మేరీ
సంఖ్యాకాండం 27. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు, యాజకుడి ముందు, సమాజమంతటి ముందు నిలబడి మా నాన్నకి కొడుకులు లేరని ఆయన పేరు ఎందుకు పోవాలి, మాకు స్వాస్థ్యం ఇవ్వండి అని అడిగారు. దేవుడు వాళ్లు అడిగింది న్యాయమే అన్నాడు. వాళ్లకి అన్నదమ్ములు లేరు, మీ చెల్లికి ఉన్నారు, ఆ తేడా నాకు తెలుసు. అయినా చెబుతున్నాను.

బెంజ్‌సర్కిల్_ఐటీ
టీచరమ్మ గారూ థాంక్యూ. ఇవాళే బీమా రెన్యూ చేశాను. సిప్‌లో ఒకటి ఆపి, ఆ డబ్బు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు ఇంటర్ ఫీజుకి అనుకున్నాం, మా ఆవిడ నాకంటే ముందు సరే అంది.

ఆశీర్వాదం_ఉంది
నల్లపాడు బ్రదర్, అమ్మితే మాత్రం వచ్చినదాంట్లో పదోవంతు ముందు తీసి మందిరానికి ఇవ్వండి. మలాకీ 3:10. ఇంట్లో గొడవ తర్వాత చూసుకోవచ్చు, దేవుని భాగం ముందు.

తుళ్లూరు_కూలీబిడ్డ
అన్నా, గౌరవంగానే అడుగుతున్నాను. మలాకీ అదే అధ్యాయంలో 5వ వచనం చూడండి. కూలివాడిని, విధవరాలిని, తండ్రిలేనివారిని బాధపెట్టేవాళ్ల మీద నేనే సాక్షిగా నిలబడతాను అంటాడు దేవుడు. అది 10వ వచనం కంటే ముందే ఉంది. ఈ ఇంట్లో విధవరాలు ఉంది. ముందు ఆమె మూడు భాగాలు ఆమె పేరు మీద పడాలి. ఆమె చేతికి వచ్చాక ఆమె ఎంత ఇస్తుందో ఆమే ఇస్తుంది, దేవాలయం పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని ఎవరూ అడగలేదు కదా.

ఆశీర్వాదం_ఉంది
నువ్వు బాగా చదివావు తమ్ముడూ. పదోవంతు మీద నా మాట మారదు. కానీ వరస నువ్వు చెప్పినట్టే, ముందు అమ్మగారి వాటా.

తేజ_మిర్చి
అన్నయ్య ఉంచుదాం అంటున్నాడు కదా, ఇంకా పెరుగుతుందని. యార్డులో ఈ మాట రోజూ వింటాను. పెరుగుతుందేమో, నేను కాదనను. కానీ అమ్మగారి వయసు ఎంత? ఆమె కళ్లముందు ఆ గొలుసు తిరిగి రావాలంటే ఇప్పుడే రావాలి.

నల్లపాడు_రోడ్
అరవై ఎనిమిది.

అందరివీ చదివాను. నిన్న రాత్రి చెల్లికి ఫోన్ చేశాను. వాటా మాట ఎత్తగానే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "నాకేమీ వద్దు అన్నయ్యా, అమ్మని చూసుకోండి చాలు" అంది. అది వదిన వింటోందని అన్నదో, నిజంగానే అన్నదో నాకు తెలియలేదు. అన్నయ్య మాత్రం అది విని "చూశావా, తనే వద్దంటోంది, సంతకం పెట్టించేద్దాం" అంటున్నాడు. పాస్టర్ గారిని కూడా కలిశాను. నా ప్రశ్న సూటిగానే అడిగాను, ధర లేచిన రోజు ఆ రెండో వాక్యం ఎందుకు చదవలేదని. ఆయన కాసేపు ఆలోచించి, మీ నాన్న ఆ రోజు అంత సంతోషంగా ఉంటే ఎలా చదవను బాబూ అన్నారు. నాకు ఆ జవాబు చాల్లేదు, కానీ ఆయన అబద్ధం చెప్పలేదు.

వకీలు గారూ, చెల్లి వద్దంటే హక్కు విడుదల పత్రం రాయించుకోవడమేనా? మీరే వచ్చి తనకి ఒకసారి అర్థమయ్యేలా చెబుతారా?

బ్రాడీపేట_వకీలు
నేను చెప్పకూడదు. నేను ఇప్పటిదాకా సలహా ఇచ్చింది మీకు, ఆమెకి కాదు. మంగళగిరి కోర్టు దగ్గర ఆమె తరఫున వేరే వకీలుతో ఆమెని మాట్లాడనివ్వండి, ఫీజు మీరు కట్టినా ఫర్వాలేదు, మీరిద్దరూ ఆ గదిలో ఉండొద్దు. ఈలోపు ఏ కాగితం మీదా ఎవరి సంతకం తీసుకోకండి, అమ్మగారి సంతకం కూడా. నాన్నగారి మరణ ధృవపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ప్లాటు అసలు దస్తావేజు, తాజా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి పెట్టండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసేటప్పుడు అమ్మగారి పేరు, చెల్లెలి పేరు రెండూ రాయండి.